తువ్వాలు చాటున ఆరిన బట్టలు

వీధి చివర కుట్టుపని చేసే ఆవిడను అందరూ మిషనక్క అనేవారు. భర్త పోయాక ఆమె చెల్లెలి ఇంటి వెనక గదిలోకి వచ్చి చేరింది. ఎవరికీ బరువు కాకూడదని పట్టుదల. పొద్దున కూర్చుంటే చీకటి పడేదాకా ఆ రెక్సిను స్టూలు దిగేది కాదు.

ఊరందరి బట్టలూ కుట్టే మనిషికి తన బట్టలంటే మాత్రం సిగ్గు. లోపలి బట్టలు ఉతికి, దండెం మీద మూలగా వేసి, పైన తువ్వాలు కప్పేది. అవి ఎండ మొహం ఎరగవు. సగం తడితోనే ఒంటికెక్కేవి.

ఒకరోజు స్నానాలగదిలోంచి ఘాటుగా మందు వాసన వచ్చింది.

"ఏంటక్కా, లోపల ఆసుపత్రి పెట్టావా?" అంది చెల్లెలు.

"నోరు ముయ్యవే. మరిదిగారు వింటారు."

"ఆయనా? కూర మాడినా వాసన తెలీదు ఆయనకి. ఏమైందో చెప్పు."

అక్క తలుపు చాటునుంచే చెప్పింది. దురదట. ఒంటేలుకి వెళ్తే మంటట. విరిగిన పాల ముక్కల్లా తెల్లగా అవుతోందట. శుభ్రం చాలక వచ్చిందనుకుని పుళ్లు కడిగే మందు నీళ్లలో కలిపి రోజూ కడుక్కుంటోంది. కడిగినకొద్దీ మంట ఎక్కువైంది. మరిదికి పంటినొప్పి వచ్చినప్పుడు మిగిలిన మాత్రలు కూడా మింగింది. దాంతో దురద ఇంకా రెచ్చిపోయింది.

"డాక్టరమ్మ దగ్గరకి పోదాం పద."

"ఆవిడ జాకెట్లు కుట్టేది నేనేనే. ఇవాళ అక్కడ పడుకుని అన్నీ చూపించి, రేపు ఏ మొహంతో కొలతలు తీసుకోను? ఎవరికీ చెప్పనని ఒట్టు వెయ్యి."

చెల్లెలు ఒట్టు వేసింది.

తర్వాత అక్కకి దాహం పట్టుకుంది. పక్కన చెంబు ఖాళీ అవుతూనే ఉండేది. అది చాలక తియ్యటి షర్బతు. "మిషనుకి నూనె, నీకు షర్బతు" అని చెల్లెలు ఏడిపించేది. అక్క తన జాకెట్లు విప్పి, తనే లోపలికి కుట్టు వేసుకునేది. "సన్నబడ్డానే. మళ్లీ పెళ్లి చేస్తావా ఏంటి?" అని నవ్వేది. ఆ కుట్టు నెలనెలా ఇంకాస్త లోపలికి జరుగుతుంటే, ఆ నవ్వు చెల్లెలికి నచ్చేది కాదు. దురద కొన్నాళ్లు తగ్గి, మళ్లీ వచ్చేది.

ఒక మధ్యాహ్నం డాక్టరమ్మే జాకెట్టు సరిచూసుకోవడానికి వచ్చింది. అక్క నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఆవిడ భుజం దగ్గర గుడ్డ సర్దుతోంది. చెల్లెలు గుమ్మంలో నిలబడింది. మాట గొంతుదాకా వచ్చింది. అక్క సూదుల మీదుగా ఒక్క చూపు చూసింది. చెల్లెలి నోరు మూతపడింది.

"మంచినీళ్లు ఇస్తారా?" అంది డాక్టరమ్మ. చెల్లెలు తెచ్చి ఇచ్చింది. ఆవిడ తాగి వెళ్లిపోయింది.

ఆ తర్వాత పెద్ద కత్తెర జారి అక్క పాదం మీద పడింది. గీత పడిందంతే. అదే పుండైంది, మానలేదు. కాలు నల్లబడి, జ్వరంతో ఒళ్లు తెలియకపోతే ఆసుపత్రికి మోసుకెళ్లారు. షుగరు ఎప్పటినుంచో ఉందన్నారు.

డాక్టరమ్మ వరండాలో చెల్లెలి పక్కన కూర్చుంది. "దురద, తెల్లబట్ట ఏమైనా ఉండేదా?"

చెల్లెలు తల ఊపింది.

"అది మురికి వల్ల కాదమ్మా, బూజులాంటిది. ఒంట్లోనే కాస్త ఉంటుంది. చెమట, తడి బట్టలు, అడగకుండా మింగే యాంటీబయాటిక్ మాత్రలు దాన్ని పెంచుతాయి. మందు వేస్తే తగ్గుతుంది. మళ్లీ మళ్లీ వస్తుంటే మాత్రం షుగరు చూసుకోవాలి. నాతో ఒక్క మాట అనాల్సింది."

"మీ జాకెట్టు కుడుతోందని..." అంది చెల్లెలు. డాక్టరమ్మ తను తొడుక్కున్న జాకెట్టు చేతి అంచు కేసి చూసుకుంటూ ఉండిపోయింది.

అక్క మళ్లీ ఇంటికి రాలేదు.

దినాలన్నీ అయ్యాక చెల్లెలు వెనక గది సర్దింది. బకెట్లో అక్క నానబెట్టి వదిలిన లోపలి బట్టలున్నాయి. ఉతికి పెరట్లో కాదు, వీధి వైపు దండెం మీద, నడి ఎండలో వేసింది. తువ్వాలు కప్పలేదు.

"ఎవరివే అవి, అలా వీధిలో?" అన్నాడు భర్త.

"ఆరనివ్వండి" అంది.

సాయంత్రానికి పెళపెళలాడుతూ ఆరాయి. తీసి మడతపెట్టింది. మడతలు ఒళ్లో పెట్టుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక అలాగే కూర్చుంది.