వెనక చక్రం కింద నిమ్మకాయ

ఫిల్మ్ నగర్‌లో పనిచేశానంటే ఏ హీరోని చూశావని అడుగుతారు మా వీధివాళ్ళు. నేను చూసింది వ్యాన్ వెనక చక్రాలను. అదే నా డ్యూటీ.

ఎనభైల చివర, ఎండాకాలంలో చేరాను. అప్పుడక్కడ ఇళ్ళు తక్కువ, బండలు ఎక్కువ. ఎటు చూసినా వాలే. రోడ్డు సగం వేసి వదిలేశారు. కంకర మీద టైరు జారేది. మధ్యాహ్నం బండ మీద ఉత్త కాళ్ళతో నిలబడలేం. షూటింగులకు భోజనాలు మోసే వ్యాన్ మాది. అన్నం గంగాళాలు, సాంబారు గంగాళం, నీళ్ళ డ్రమ్ములు, విస్తళ్ళ కట్టలు. అన్నిటికీ కాపలా నేను.

డ్రైవరుది షేక్‌పేట. పటాలంలో లారీలు నడిపి, పింఛను తీసుకుని వచ్చిన మనిషి. మొదటిరోజే నన్ను నిలబెట్టి ఆర్డర్లు వేశాడు.

"అమ్మా, బండి ఆగంగనే నువ్వు దిగాలె. వెనక చక్రాలకు రాళ్ళు పెట్టాలె. నేను గేర్ల పెడత, హ్యాండ్‌బ్రేక్ గుంజుత. మూడూ అయినంకనే గంటె ముట్టాలె."

"హీరో ఆకలితో ఉన్నా?"

"హీరో ఆకలితో సావడు. బండి ఉరికితే సస్తరు."

ఒక ఆదివారం వాళ్ళింటి ముందు వ్యాన్‌కి జాకీ వేసి, చక్రం విప్పి, బ్రేక్ డ్రమ్ము ఊడదీసి చూపించాడు. డ్రమ్మంటే బోర్లించిన గిన్నెలాంటిది. లోపల నెలవంకల్లా రెండు షూలు. గంగాళం తోమేటప్పుడు లోపలినుంచి రెండు అరచేతులూ అదిమి, తిరగకుండా పట్టుకుంటాం కదా, షూల పనీ అంతే. వాటి మీది పట్టీ అరిగేకొద్దీ సందు పెరుగుతుంది, పెడల్ లోతుకు పోతుంది. నేను మూడో తరగతితో ఆగిపోయినా ఇది బాగానే అర్థమైంది.

అన్నీ మళ్ళీ బిగించాడు. చక్రం వెనకున్న రేకు కన్నంలోంచి స్క్రూడ్రైవర్ దూర్చి, లోపలి పళ్ళచక్రాన్ని ఒక్కో పన్నూ తిప్పాడు. టిక్కు. టిక్కు. చక్రం బిగిసిపోయింది. మళ్ళీ కొంచెం వెనక్కి వదిలి, చేత్తో తిప్పాడు.

"గీడ చెవి పెట్టు. ఏం ఇనొస్తుంది?"

"సన్నగా రాసుకుంటోంది."

"గంతే ఉండాలె. సప్పుడే లేకుంటె షూ దూరమున్నట్టు. గట్టిగ అరిస్తే కాలిపోతది. రెండు దిక్కులా ఒక్కతీరు జెయ్యాలె. హ్యాండ్‌బ్రేక్ తీగ ఆఖర్న. ముందే తీగ గుంజినోడు దొంగ. లివర్ చేతికి గట్టిగ తగుల్తది, లోపల షూ పట్టదు."

మరుసటేడు వానలు మొదలయ్యాక ఆయనకు చలిజ్వరం వచ్చింది. బదులుగా ఇంకో డ్రైవరును పంపారు. పెడల్ నేలకు తగులుతోందని గొణుక్కుంటూ వ్యాన్ కిందికి దూరాడు. తీగ నట్టు బిగించి బయటికొచ్చాడు.

"చక్రం ఎత్తి చూడవా?" అన్నాను.

"టైమ్ లేదు పెద్దమ్మా. లివర్ చూడు, రాయి లెక్క ఉంది. ఫికర్ జెయ్యకు."

దారి పొడవునా సీటు అంచు వదల్లేదు నేను.

ఆరోజు కొత్త సినిమా మొదలు. కొండవాలు మీద, ముందుభాగం పైకి పెట్టి ఆపాడు. గేరులో పెట్టావా అని అడిగేలోపే విస్తరి అందుకుని వెళ్ళిపోయాడు. నా చేతులతో నేను రాళ్ళు పెట్టాను. దిగువన జనం వరసలు కట్టి కూర్చున్నారు. జూనియర్ ఆర్టిస్టుల్లో మా చెల్లెలుంది. మొదటి వరసలో, వ్యాన్ వైపు వీపు పెట్టి.

"అక్కా, నాకు సాంబారులో ముక్కలు ఎక్కువెయ్యి."

"అందరికీ ఒకటే గంటె. కూర్చో."

అన్నం వడ్డించి, సాంబారు కోసం పైకి వచ్చాను. రాళ్ళు పక్కకు తోసి ఉన్నాయి. వెనక చక్రాలకు ఆనించి నిమ్మకాయలు. పూజ సామాను చూసే అసిస్టెంటు హారతి పళ్ళెంతో నిలబడ్డాడు.

"రాళ్ళెందుకు తీశావు?"

"రాళ్ళు అడ్డముంటే నిమ్మకాయలెలా నలుగుతాయండీ? బండి వెనక్కి దిగేటప్పుడు తొక్కాలిగా!"

అప్పుడే వడ్డించేవాడొకడు పచ్చడి జాడీ కోసం వ్యాన్లోకి ఎగిరి ఎక్కాడు. వ్యాన్ ఊగింది. టైరు కింద కంకర పటుక్కుమంది. ఎడమ నిమ్మకాయ ఉబ్బింది. చక్రం తిరుగుతోంది, గడియారం ముల్లంత నెమ్మదిగా. నిమ్మకాయ తొక్క చిట్లింది.

 దిగువకు తిరిగి అరిచాను. "లేవండి! బండి!"

కింద ఎవరో నవ్వారు. "సాంబారు పోయకుండానే లేపేస్తోంది పిసినారి పెద్దమ్మ!"

చెల్లెలు తిరిగి చూడలేదు.

మోకాళ్ళ మీద పడి రాయి దొర్లించాను. చేతులు ఎంతవరకూ చాచానో తెలియదు. టైరు రాయి అంచు ఎక్కింది. ఆగింది. మళ్ళీ ఒకసారి ఊగి ఆగింది. గంగాళంలో సాంబారు తొణుకుతున్న చప్పుడు ఒక్కటే వినబడింది.

మర్నాడు మా డ్రైవరు దుప్పటి కప్పుకునే వచ్చి జాకీ వేశాడు. నన్ను చెవి పెట్టమన్నాడు. చక్రం గిర్రున తిరిగింది. ఏ చప్పుడూ లేదు. రాసుకోవడమే లేదు. యుద్ధం చూసొచ్చిన మనిషి, స్క్రూడ్రైవర్ కన్నంలో దూర్చబోయి రెండుసార్లు గురి తప్పాడు.

"జ్వరం," అన్నాడు, నేను అడక్కుండానే.

తొంభైల మధ్యలో మోకాళ్ళు మొరాయించాయి. పని మాని మధురానగర్‌లో కొడుకింటికి చేరాను. దసరాకి మనవడు బండి కింద నిమ్మకాయలు పెడుతుంటే, ముందు నేను రాయి తెచ్చి పెడతాను. పెట్టకుండా తాళంచెవి ఇవ్వను. ఇంట్లోవాళ్ళు నవ్వుకుంటారు. నవ్వుకోనీ.

వాళ్ళు చూసేది ఉత్త నిమ్మకాయ. నాకు ఆ చిట్లిన కాయ కనబడుతుంది. రసం సన్నని చారగా బండ మీదుగా దిగువకు పాకుతుంది. ఆ చార పోయేవైపు మా చెల్లెలు, వీపు ఇటు పెట్టి, తల వంచుకుని అన్నం కలుపుకుంటూ ఉంటుంది.