రత్నమణి ఇంట్లో మీట్

వత్సవాయిలో రత్నమణి అంటే మిరప కోతలకి ముఠా కట్టే మనిషి. ఏ రైతుకి కూలోళ్లు కావాలన్నా ఆవిడ గుమ్మం ముందుకి రావాల్సిందే. నోరు పెద్దది, చదువు మూడో తరగతి. ఆవిడకి ఒకటే కోరిక, ఈస్టర్ ముందు నలభై శ్రమదినాల్లో మంగళవారం ప్రార్థన కూటాలు తన ఇంట్లో పెట్టించుకోవాలని. ప్రతేడూ తోడికోడలు కమలాకుమారి డాబాలోనే పెడతారు. ఈ యేడు రత్నమణి కూడా రేకులు తీయించి స్లాబు పోయించింది. చర్చి అయ్యగారు సరేనన్నారు. ఒక వారం చూద్దాం, బాగుంటే ఈస్టర్ దాకా అక్కడే అన్నారు.

సంఘం గ్రూపులో మెసేజీలు పెట్టేది డేవిడ్‌రాజు. మోటర్లు వైండింగ్ చేస్తాడు. నందిగామ పోయి టైపు నేర్చుకున్నాడు. టైపు వచ్చింది గానీ ఇంగ్లీషు రాలా. తెలుగులో పెట్టమంటే మాత్రం నామోషీ. కృపావతి అత్తగారు పోయినప్పుడు, చనిపోయింది అని పెట్టబోయి ఒక్క అక్షరం తేడాతో జుట్టుకి రంగేసుకుంది అని పెట్టాడు. ఈ వయసులో ఇదేం సోకమ్మా అనుకుని సగం మంది సమాధి కాడికే పోలా.

ఇప్పుడు రత్నమణి ఇంటి మెసేజీ కూడా ఆయనే పెట్టాడు. ఇంటరు చదివే కూతురు మెర్లిన్ తల్లికి చదివి చెప్పింది.

"మంగళవారం ఏడింటికి సిస్టర్ రత్నమణి ఇంట్లో మీట్ అంటమ్మా. అందరూ కుటుంబాలతో రావాలంట."

"మీట్ అంటే?"

"ఎమ్ ఈ ఏ టీ. మాంసం."

రత్నమణి హడలిపోయింది. శ్రమదినాల్లో ముక్క ముట్టనని మొక్కుకుంది. వెంటనే డేవిడ్‌రాజుకి ఫోన్ కొట్టింది.

"అన్నయ్యా, మీట్ పెట్టాల్సిందేనా?"

"పెట్టకపోతే ఎట్టాగమ్మా? అయ్యగారు చెప్పింతర్వాత."

"శ్రమదినాలు గదా?"

"ఇప్పుడు గాక ఇంకెప్పుడు పెడతాం?"

"గంటలో అయిపోద్దా?"

"గంటన్నరన్నా పడుద్ది. అయ్యగారి సంగతి తెలిసిందేగా."

"ముదురుదైతే అంతేలే."

డేవిడ్‌రాజు "ఆయన్ని అట్టా అనకూడదమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

మాంసం వండితే మొక్కు పోద్ది. వండకపోతే కూటం మళ్లీ కమలాకుమారి డాబా ఎక్కుద్ది. రత్నమణికి కూర్చున్నా అదే, నుంచున్నా అదే. చివరికి బస్సెక్కి జగ్గయ్యపేట పోయి, మీల్‌మేకరూ మటన్ మసాలా పట్టుకొచ్చింది. అయ్యగారికి ముక్కా ఉంటది, తన మొక్కూ ఉంటది.

మంగళవారం సంఘం సంఘమంతా దిగింది. క్రిస్మస్‌కి తప్ప మొహం చూపించనోళ్లు కూడా బైబిల్ ఒక చేత్తో, క్యారేజీ ఒక చేత్తో పట్టుకుని వచ్చారు. వీధిలో చెప్పులకి చోటు చాల్లా. అయ్యగారు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చి, లోపలికొచ్చి కూర్చున్నారు. ప్రార్థనలో అందరి కళ్లూ మూసే ఉన్నాయి, ముక్కులు మాత్రం వంటింటి వైపు తిరిగున్నాయి. గంటన్నర చెప్పే మనిషి ఆ రోజు పావుగంటకే ఆమెన్ అనేశారు.

పళ్లెం ముందు పెడితే అయ్యగారు కళ్లు మూసుకుని తిన్నారు. రెండోసారి వడ్డించినా కళ్లు మూసుకునే తిన్నారు. ఆయన తిన్నాక ఇంకెవరాగుతారు?

"అమ్మా రత్నమణీ, ఈ శ్రమదినాల్లో మాంసం వండకూడదు. ప్రేమతో పెట్టావని, కాదంటే నొచ్చుకుంటావని తిన్నాం" అన్నారు చెయ్యి కడుక్కుంటూ.

"మాంసమెక్కడిదండీ, మీల్‌మేకరు. మీరేమో మీట్ పెట్టమన్నారు, నాకేమో మొక్కుంది. అందుకని ఇట్టా చేసా."

"నేనెప్పుడు పెట్టమన్నానమ్మా?"

మెర్లిన్ ఫోన్ చూపించింది. అయ్యగారు ఫోన్ చూసి, డేవిడ్‌రాజుని చూశారు.

"మీట్ అంటే కూడుకోవడమే గదండీ?" అన్నాడు డేవిడ్‌రాజు.

"దానికి రెండు ఈలుంటాయయ్యా."

మూడుసార్లు వేయించుకున్న దిలీప్ లేచాడు. "అయ్యగారూ, మేం మాంసమనుకునే తిన్నాం. ఇప్పుడు పాపం చేసినట్టా, చెయ్యనట్టా?"

అయ్యగారు కండువాతో చెయ్యి తుడుచుకున్నారు. తర్వాత రత్నమణితో అన్నారు, "ముందే చెప్తే ప్రశాంతంగా తినేవాణ్ణి గదమ్మా."

రత్నమణి గరిటె పట్టుకునే నిలబడింది. "మరి... వచ్చే మంగళవారమండీ?"

అయ్యగారు కమలాకుమారి వైపు చూశారు.

"ఇక్కడే కానీండి. మా ఇంటికి ఏనాడైనా ఇంతమంది వచ్చారా?" అంది కమలాకుమారి, క్యారేజీకి మూత బిగించుకుంటూ.