తడిగుడ్డ చుట్టిన బొటనవేలు

మిషను మీద వేలు పెట్టమని ఎవరైనా అంటే ఇప్పటికీ నా చెయ్యి ఒక్క క్షణం వెనక్కి పోతుంది.

ఆ రోజు బందరు నుంచి విజయవాడ బస్సులో నా పక్కన కూర్చున్న మామ్మ బొటనవేలికి తడిగుడ్డ చుట్టుకుని ఉంది. దెబ్బ తగిలిందా అని అడిగాను.

"దెబ్బ కాదమ్మా. మగ్గం మీద నేసీ నేసీ వేలు అరిగిపోయింది. మా ఊరి సచివాలయంలో మిషను మీద ముద్ర పడట్లేదు. నిన్నంతా కొబ్బరినూనె రాశాను, ఇవాళ నానబెడుతున్నాను. పెద్దాఫీసులో కూడా పడకపోతే పింఛను ఆపేస్తారంట."

కాసేపటికి నేను వేలితో నా ఫోను తెరవడం చూసింది. వద్దనేలోపే గుడ్డ విప్పి, తన వేలు దానిమీద నొక్కింది. ఫోను గుర్రుమని ఊరుకుంది.

"అయిపోయిందమ్మా. దీనిమీదా పడలేదు." అంది మామ్మ.

"ఇది నా ఫోను మామ్మగారూ. నా వేలికే తెరుచుకుంటుంది, చూడండి," అని వేలు పెట్టాను. తెరుచుకోలేదు. ఆమె వేలి జిడ్డు అంటుకున్నట్టుంది. మళ్లీ పెట్టాను. తెరుచుకోలేదు.

ఆమె భయంగా నా ముఖంలోకి చూసింది. "చిన్నదానివి, నీక్కూడా పడట్లేదా తల్లీ?" అంటూ తన తడిగుడ్డ నా వేలికి గట్టిగా చుట్టింది. అంతలో బెంజి సర్కిల్ వస్తే, జనంతోపాటు దిగిపోయింది.

గుడ్డ విప్పి, ఫోను తుడిచి వేలు పెట్టాను. వెంటనే తెరుచుకుంది. "మామ్మగారూ!" అని కిటికీలోంచి అరిచాను. బస్సు కదిలింది.

ఆమె ఆ బొటనవేలిని ఎండకి తడి ఆరిపోకుండా పిడికిట్లో దాచుకుని నడిచిపోతోంది.