మేకపిల్ల మెడలో గంట

ఆ రోజుల్లో నాకు రెండే కోరికలు. ఒకటి రైలును కళ్లారా చూడటం, రెండోది ఎవరైనా నన్ను "అధ్యక్షా" అని పిలవడం. రెండోది మొన్నటిదాకా నెలకోసారి తీరుతూ వచ్చింది (మా ఊరి గ్రంథాలయ సంఘంలో, ఏడుగురు సభ్యుల ముందు, అందులో ఇద్దరు ఎప్పుడూ నిద్రలోనే ఉంటారు). మొదటిది మాత్రం ఒక మేకపిల్ల మూలంగా నాలుగేళ్లు వెనక్కి పోయింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వు ఆగదు గానీ అప్పుడు ఏడుపు ఆగలేదు.

జాగీర్లు పోయి ఓట్లు వచ్చిన కొత్త. మక్తల్ దగ్గరి మా ఊరి బడిలో నేను ఎనిమిదో తరగతి. ఒకరోజు సోషల్ సారు, బిలాయత్‌లో, అంటే ఇంగ్లండులో, ప్రభువులకు పుట్టుకతోనే చట్టసభలో కుర్చీ ఉంటుందని చెప్పి, "మన అసెంబ్లీల గూడ గట్లనే దొరలకు కుర్చీ ఇయ్యాల్నా, వద్దా? శుక్రారం చర్చ పెడుతున్న. గెల్చినోన్ని జిల్లా పోటీలకు పాలమూరు తోల్కపోత" అన్నాడు. పాలమూరంటే రైలు! నాకు ఆ పూట అన్నం సయించలేదు. సారు అసలే కొంటె మనిషి. "ఎవని మాట వాడే చెప్తే గది చర్చ ఎట్లయితది, పంచాయితీ అయితది" అంటూ మా ఊరి దొర కొడుకును "వద్దు" పక్షాన, గొర్లు కాసే ఇంట్లో పుట్టిన నన్ను "ఇయ్యాలె" పక్షాన నిలబెట్టాడు. ఆ పిల్లవాణ్ని అందరం చిన్నదొర అనేవాళ్లం. (బడి లోపల "ఏందిరా" అనేవాణ్ని, గేటు దాటగానే "దొరా" అనేవాణ్ని. గేటు మధ్యలో ఎదురైతే ఊరికే దగ్గేవాణ్ని.)

ఆ వారమంతా నా చట్టసభ మా మందే. గుట్ట మీద బండరాయెక్కి "అధ్యక్షా!" అని అరిస్తే నలభై గొర్లు తలలెత్తి చూసేవి. ఎదురు మాట్లాడిన గొర్రె ఒక్కటీ లేదు. అంతమంచి సభను మళ్లీ నేను చూడలేదు. అక్కడే నాకు బ్రహ్మాండమైన పాయింటు తట్టింది. గొర్రె తనంతట తాను దారి పట్టదు కాబట్టి ప్రతి మందకూ ముందు ఒక మేకను నడిపిస్తారు, దాని మెడకు గంట కడతారు. మా మందకు తెల్లచెవుల ముసలి మేక ఉండేది. ఇంకేం, దొర అంటే గంట కట్టిన మేక, మనమంతా గొర్లం. నా తెలివికి నేనే మురిసిపోయి ఆ రాత్రి నిద్రపోలేదు.

శుక్రవారం వచ్చింది. మా పెద్దసారు బడి తోటకు ఎరువు కావాలని ఆ రోజే మా బాపును మందను అక్కడ ఆపమన్నాడు. బడి పిట్టగోడ అవతల గొర్లు, గోడ మీద గడ్డం ఆనించి గొంగడితో మా బాపు. ముందు చిన్నదొర లేచాడు. "మా తాత పెద్ద మొగోడే కావొచ్చు. గని నాకు లెక్కలల్ల మూడు మార్కులొచ్చినయి. నేను జేసిన చట్టంల మీరు బతుకుతరా?" అని కూర్చున్నాడు. అంతే. తరువాత నేను లేచి కాగితం చూసి గర్జించాను. "గంట తల్లి మెడ నుంచి పిల్ల మెడకు రావడమే ధర్మం! అదే రాజధర్మం!" చప్పట్లు మోగాయి. సారు తల ఊపాడు. నా చెవుల్లో అప్పటికే రైలు కూత వినబడుతోంది.

"అబద్దం సారూ."

గోడ మీది నుంచి మా బాపు. "తప్పయితే మన్నించుండ్రి. ఏ మేకకు నీళ్ల జాడ ఎర్కనో, తోడేలు వాసనకు ఏది ముందుగాల ఆగుతదో, దానికే గంట కడ్తం. దాని పిల్ల అని ఏనాడు కట్టలే."

"బాపూ, నువ్వు జర ఊకో!" అన్నాను, ఏడుపు గొంతుతో. ఊరుకుని ఉంటే పోయేది. రైలు చేజారుతుంటే ఊరుకోవడం నా వల్ల అయిందా? "గంట ఎవరికుంటే మంద వాళ్ల ఎంబడే పోతది! కావాల్నంటే కట్టి చూడుండ్రి!" అనేశాను.

"కట్టు మరి, జూద్దం!" అన్నాడు సారు, కుర్చీలోంచి సగం లేచి.

బాపు ముసలి మేక గంట విప్పి దాని రెండు నెలల పిల్లకు కట్టాడు. తన మెడలోనే చప్పుడు పుట్టేసరికి ఆ పిల్లకు పిచ్చెత్తింది. గోడ దూకింది, వరండా ఎక్కింది, పెద్దసారు బల్ల చుట్టూ మూడు చుట్లు తిరిగింది, సారు ఖాళీ చేసిన అధ్యక్షుడి కుర్చీ ఎక్కి నిలబడి, నా చేతిలోని రాజధర్మాన్ని లాక్కుని నమిలింది. గంట మోత విన్న ఒకటో తరగతి పిల్లలు బడి వదిలారనుకుని పలకలు పట్టుకుని ఇళ్లకు ఉరికారు. పెద్దసారు వాళ్ల వెంట, వాళ్ల పంతులు పెద్దసారు వెంట! గోడ అవతల గొర్లు మాత్రం కదలలేదు. కాసేపటికి ముసలి మేక ఒకసారి తుమ్మి, ఉత్త మెడతో నీళ్ల తొట్టి వైపు నడిచింది. నలభై గొర్లూ వరసగా దాని వెంట వెళ్లాయి.

"ఓట్లు పడ్డయి, లెక్క గూడ అయిపోయింది" అన్నాడు సారు, కళ్లు తుడుచుకుంటూ.

సాయంత్రం నేను రొట్టె ముట్టలేదు. బాపు పక్కన కూర్చుని, "నేను ఊకుంటే నువ్వు రైలు జూస్తుంటివి బిడ్డా, గది నాకు ఎర్కనే" అన్నాడు. "గని రేపు నా కొడుకువని నీకు మంద ఇయ్య. అవి నీ ఎంబడి నడిస్తెనే ఇస్త." (నడవలేదు. అందుకే గుమాస్తానయ్యాను.) పాలమూరు వెళ్లొచ్చిన చిన్నదొరను బడి గేటు మధ్యలోనే పట్టుకుని, దగ్గడం మరిచిపోయి, "రైలు ఎట్లుందిరా?" అని అడిగాను. "మీ మంద లెక్కనే ఉన్నది. ముందటిది ఎటు పోతే అన్నీ అటే" అన్నాడు.

మొన్న సంఘం సమావేశంలో, వయసైపోయింది, ఇక దిగిపోతానన్నాను. "మరి మీ తర్వాత ఎవరు అధ్యక్షా?" అని అడిగారు. "ఎవరేంది, మా పెద్దోడు ఉన్నడు గద" అని నోరు జారాను. మా పెద్దవాడు ఆ గ్రంథాలయం గడప తొక్కి మూడేళ్లయింది. నా మాట నా చెవిన పడేసరికి ఒక్కసారిగా పగలబడి నవ్వాను. నిద్రపోతున్న ఇద్దరూ ఉలిక్కిపడి లేచారు, మిగతావాళ్లు నాకేదో అయిందని నీళ్లు తెచ్చారు. రోజూ అందరికన్నా ముందు వచ్చి తలుపులు తీసి, చిరిగిన పుస్తకాలకు అట్టలు వేసే అమ్మాయిని ముందుకు పిలిచి నా కుర్చీలో కూర్చోమన్నాను. తరువాత కిటికీ దగ్గరికి పోయి కాసేపు బయటికి చూశాను. అక్కడా ఒక పిట్టగోడ ఉంది. దాని మీద గడ్డం ఆనించి నిలబడ్డ మనిషి మాత్రం లేడు.