లాంచీకి నాలుగు హద్దులు

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. లా డిగ్రీ చేతికొచ్చి నాలుగు నెలలు కాలేదు, నల్లకోటు ఇంకా కొత్త గుడ్డ వాసన వేస్తోంది, భిలాయి పక్కనే ఉన్న దుర్గ్ కోర్టు మెట్లెక్కుతుంటే జడ్జిగారే పక్కకి తప్పుకుంటారేమో అన్నంత ధీమా. ఇప్పుడు ఎవరైనా కాగితం తెస్తే "రెండు రోజులు టైమివ్వండి, చదివి చెప్తాను" అంటాను. అప్పుడు సగం చదివేసరికే తీర్పిచ్చేసేదాన్ని. సముద్రమంటే సినిమాల్లో చూడ్డమే తప్ప, శివనాథ్ నది కంటే పెద్ద నీళ్లు ఎరగని నేను, అలాంటి రోజుల్లోనే మా భిలాయి మొత్తానికి ఓడల చట్టంలో నిపుణురాలినయ్యాను. (కాలేజీలో ఆ పేపరు తీసుకున్నది ముగ్గురం. సముద్రం మీద ప్రేమతో కాదు. ఆ మాస్టారు హాజరు ధారాళంగా వేస్తారని.)

మా సీనియర్ గారిని కోర్టంతా వకీల్ సాహబ్ అనేవారు. ఒక బ్యాంకు అప్పిచ్చే ముందు ఆస్తి కాగితాలు ఆయనకి పంపేది. ఇళ్లు, ప్లాట్లు, మహా అయితే పక్కనున్న ఉతై ఊళ్లో ఓ రైస్ మిల్లు. ఒకరోజు ఫైలు తెరిచి, కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకుని, "బేటీ, యే తో నావ్ హై!" అన్నారు. పడవే. విశాఖ రేవు బయట లంగరేసిన పెద్ద ఓడలకు మనుషుల్నీ సరుకుల్నీ చేరవేసే పాత లాంచీ. కొంటున్నది మా వీధిలోని క్రేన్ మావయ్య. ఫైలు నా ముందుకి తోసేసి, వకీల్ సాహబ్ హాయిగా టీ చెప్పారు.

క్రేన్ మావయ్య నాకు చుట్టమేమీ కాదు. భీమిలి దగ్గర జాలరి ఇంట్లో పుట్టి, ఇక్కడికొచ్చి, ముప్పై ఏళ్లు స్టీలు ప్లాంటులో క్రేన్ నడిపి రిటైరైన మనిషి, మా నాన్నకి షిఫ్టు స్నేహితుడు. "ముప్పయ్యేళ్లు గాల్లో ఏలాడినానమ్మా, ఇంక నీళ్ల మీద తేల్తాను" అనేవాడు. పీఎఫ్ డబ్బంతా ఆ లాంచీలో పెడుతున్నాడు. తక్కువ పడింది బ్యాంకు ఇవ్వాలి, లాంచీని తాకట్టు పెట్టుకుని. అత్తయ్య మాత్రం నన్ను గుమ్మంలోనే ఆపి, "ఈయనకేటి తెలుస్తాది తల్లీ! నువ్వు సూసి బాగుందంటేనే మేం ముందుకెల్తాం" అంది. ఆ మాటకి నేను ఎంత ఉబ్బిపోయానో చెప్పలేను.

రేవులోని ఓడల రిజిస్టరు నకలు తెప్పించాను. లాంచీ పాత ఓనరు పేరు మీదే ఉంది, దాని మీద ఏ తాకట్టూ లేదు. ఇంకేం, "ఎలాంటి చిక్కులూ లేవు" అని ఠపాఠపా టైపు కొట్టేశాను. ఇక మిగిలింది బ్యాంకు ఫారం. అది ఇళ్ల కోసం అచ్చేసిన ఫారం. ఆస్తికి తూర్పున ఏముంది, పడమట ఏముంది, ఉత్తరాన, దక్షిణాన అంటూ నాలుగు గడులు. మేనేజరు ముందే హెచ్చరించాడు, "మేడమ్, ఏక్ భీ ఖానా ఖాలీ నహీ ఛోడనా" అని, ఒక్క గడీ ఖాళీగా వదలొద్దని. "వర్తించదు" అని రాస్తే నిమిషంలో పని అయిపోయేది. బుర్రున్న వాళ్లెవరైనా అదే రాస్తారు. నాకేమో హద్దులు లేని ఆస్తి ఒక ఆస్తేనా అనిపించింది. (భిలాయిలో పుట్టినవాళ్లకి ఇది పుట్టుకతో వచ్చిన జబ్బు. సెక్టారు, స్ట్రీటు, క్వార్టరు నంబరు లేనిదాన్ని మేం నమ్మం.)

తిన్నగా మావయ్య ఇంటికెళ్లాను. విశాఖ రేవులో ఇంజిన్లు బాగుచేసే బావమరిదే ఆయనకి ఈ బేరం కుదిర్చాడు. మావయ్య అతనికి వీడియో కాల్ చేశాడు. "ఒరే, లాయరమ్మకి లాంచీ హద్దులు కావాల్ట. సూపించు."

"ఏటీ? హద్దులా?" అవతల ఒకటే నవ్వు. "పొద్దున్నిక్కడుంటాది, సాయంత్రం అక్కడుంటాది, దానికి హద్దులేటి బావా! మీ ఊళ్లో లాయర్లందరూ ఇలగేనా?"

నేను తగ్గలేదు. "ఇప్పుడు ఎక్కడుందో అదే చెప్పండి బాబాయ్. తూర్పున ఏముంది?" అన్నాను పెన్ను తెరిచి. పాపం, నవ్వుకుంటూనే ఫోను తిప్పాడు. తూర్పున నీళ్లు. ఉత్తరాన జెట్టీ. పడమట ఇంకో లాంచీ. బుద్ధిగా రాసుకుంటున్నాను. దక్షిణానికి తిప్పబోతుంటే మధ్యలో లాంచీ పైభాగం కనబడింది. తాడు మీద లుంగీలు ఆరుతున్నాయి, స్టౌ మీద అన్నం ఉడుకుతోంది, పక్కన ఇద్దరు మనుషులు కూర్చున్నారు.

"వాళ్లెవరు?"

"ఆళ్లా? ఒకడు లాంచీ నడిపే సరంగు, ఇంకోడు ఇంజిను సూసేవోడు. ఏడు నెల్ల జీతాలియ్యందే దిగమని కూకున్నారు. ఆళ్ల గొడవ పాత ఓనరుతోటి, మనకేటి?"

నా పెన్ను ఆగిపోయింది. హాజరు కోసం కూర్చున్న ఆ క్లాసులో మాస్టారు చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఓడ మీద పనిచేసినవాడి జీతం ఓడకే అంటుకుని ఉంటుంది, ఏ రిజిస్టరులోనూ కనబడదు, ఓనరు మారినా వదలదు, అప్పిచ్చిన బ్యాంకు కంటే ముందు వాళ్లకే ఇవ్వాలి, ఇవ్వకపోతే కోర్టు ఓడనే అరెస్టు చేస్తుంది అని. (ఓడకి బేడీలు ఎక్కడేస్తారు సార్ అని ఆ రోజు పగలబడి నవ్వింది నేనే.) "ఎలాంటి చిక్కులూ లేవు" అన్న కాగితం, నా సంతకంతో సహా, సంచీలో ఉంది.

ఉన్నదున్నట్టు చెప్పేశాను. మావయ్య మొహం పాలిపోయింది. "అంటే, ఆడు ఎగ్గొట్టిన జీతాలకి, నా పీఎఫ్ తోటి కొన్న లాంచీని కోర్టోలు కట్టీస్తారా?"

"కట్టేస్తారు మావయ్యా."

పక్కనే వింటున్న అత్తయ్య అంది, "ఓలమ్మో, ఏడు నెల్ల బట్టీ ఆళ్ల ఇళ్లల్లో ఏటి తింటన్నారో!"

పాత కాగితం అక్కడే చింపేశాను. లాంచీ ధరలోంచి ఆ ఇద్దరి జీతాలు ముందు వాళ్ల చేతికే అందాలి, అందినట్టు వాళ్లు సంతకం పెట్టాలి, ఆ తర్వాతే బ్యాంకు తాకట్టు రిజిస్టరులో ఎక్కాలి, అప్పుడే డబ్బు వదలాలి అని కొత్తది రాశాను. మేనేజరు ముందు విసుక్కున్నాడు. వరసలో వాళ్లు బ్యాంకు కంటే ముందుంటారని చెప్పగానే "హమ్‌సే భీ పహలే?" అని కుర్చీలో నిటారుగా కూర్చుని, ఆ పూటే ఒప్పుకున్నాడు. పాత ఓనరు రెండు వారాలు ఎగిరి, వేరే బేరం దొరక్క దిగొచ్చాడు. జీతాలు తీసుకుని ఆ ఇద్దరూ మూటలు కట్టుకుంటుంటే, "ఎక్కడికెల్తారు? దిగొద్దు. నాతోటే ఉండండి" అన్నాడట మావయ్య. ఇప్పటికీ ఆయనతోనే ఉన్నారు.

లాంచీ పూజకి నన్నూ విశాఖ పిలిచారు. సముద్రం చూడ్డం అదే మొదలు. నోరు తెరుచుకుని చూస్తూ నిలబడి, రేవు దాటగానే అదే నోటితో పొద్దున తిన్న పులిహోరంతా కక్కేశాను. సరంగు నా తల పట్టుకుని, "ఈయమ్మేనా మా జీతాలిప్పించింది!" అని ఆశ్చర్యపోయాడు. దక్షిణం కూడా అడిగి నేను నింపిన నాలుగు గడుల ఫారాన్ని బ్యాంకు పై ఆఫీసు చీమ కుట్టినట్టయినా లేకుండా ఆమోదించింది. లాంచీకి తూర్పున నీళ్లు ఉన్నట్టు ఈనాటికీ రికార్డులో ఉంది.

ఆ తర్వాత మరికొన్ని లాంచీల ఫైళ్లు నా దగ్గరికొచ్చాయి. ఆ గడుల్లో తలెత్తకుండా "వర్తించదు" అని రాస్తాను, సిబ్బంది జీతాల సంగతి విడిగా, పద్ధతిగా అడుగుతాను. అయినా ఒక్కోసారి ఆ పొగరుబోతు పిల్ల గుర్తొచ్చి, దాని ధైర్యానికి ముచ్చటేసి, ఫోను తీస్తాను. "ఇప్పుడు లాంచీ ఎక్కడుందండీ? దక్షిణాన ఏముందో కాస్త చూపిస్తారా?" అంటాను. అవతలివాళ్లు పడీపడీ నవ్వుతారు. నవ్వడం అయ్యేదాకా ఆగి, మళ్లీ అడుగుతాను.