నెమరు ఆపిన గొర్రె

మహబూబ్‌నగర్‌కు దగ్గర్లోని ఒక సర్కారు బడిలో నేను లెక్కలు చెప్పేదాన్ని. నాకు ముక్కు మీద కోపం. ఆ సంగతి నాకు తప్ప బడికంతా తెలుసు. ఏడో తరగతిలో గొర్రెలు కాసే ఇంటి పిల్ల ఒకతి, పొద్దున నా పీరియడ్ మొదలవగానే "కడుపు నొస్తాంది మేడమ్" అనేది. నేను బయటికి వెళ్లగానే తగ్గిపోయేది. దొంగ వేషాలని చెడామడా తిట్టేదాన్ని.

ఒక శనివారం, ఆ తరగతి పిల్లలకు ఒత్తిడి గురించి చెప్పమని హెడ్మాస్టరు నన్నే పురమాయించారు. ఇంకెవరూ దొరకనట్టు!

"ఒత్తిడి అంటే ఏంది?" అని అడిగాను.

"సైకిల్ టైర్ల గాలి మేడమ్!"

అందరితో పాటు నేనూ నవ్వేశాను. సగంమంది ఇళ్లలో గొర్రెలున్నాయి కదా అని అటు మళ్లాను.

"కుక్క మొరిగితే గొర్రె ఏం జేస్తది?"

"నెమరు ఆపుతది!"

"మనం గూడ గంతే. బుగులైతే గుండె దడదడ కొట్టుకుంటది, కడుపు పని ఆపుతది. కుక్క పోతే అన్ని మామూలైతయి. మరి కుక్క నెలల కొద్ది దొడ్డి కాడ్నే కూసుంటే?"

"గొర్రె చిక్కిపోతది. రోగమొస్తది."

"మనకు గూడ నిద్ర పట్టది, తలకాయ నొస్తది, కడుపు నొస్తది. మరి మీ కుక్క ఏందో చెప్పుండ్రి!" అన్నాను హుషారుగా.

ఆ పిల్ల లేచింది. "లెక్కల పీరియడ్ మేడమ్."

దొంగ వేషం కాదన్నమాట. నొప్పి నిజం, తెచ్చిపెట్టింది నేను. సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"మరి ఏం జెయ్యాలె బిడ్డా?"

నేను గొర్రెల గురించి అడిగాననుకుంది పిచ్చిపిల్ల. "కొత్త కుక్కను మా నాయిన గొర్ల నడుమ కూసోబెడ్తడు మేడమ్. మొరగనియ్యడు. నాలుగు దినాలైతే గొర్లు మళ్ల నెమరేస్తయి."

సోమవారం వెళ్లి ఆ పిల్ల పక్కనే బెంచీ మీద కూర్చుని పాఠం చెప్పాను. ఆ పీరియడంతా తను గోడకు అతుక్కుపోయింది. మంగళవారం కొంచెం నయం. గురువారం తనే నోటుబుక్కు నా వైపు జరిపి, "గిది తప్పా మేడమ్?" అంది. కడుపునొప్పి మాటే ఎత్తలేదు.

లెక్క మొదటి మెట్టు నుంచే తప్పు. తప్పు లెక్క చూసి అంత సంతోషపడటం నా ఉద్యోగంలో అదే మొదటిసారి.