వెనక సీటులో మా ఆయన

ప్రమాదంలో విరిగిన మా ఆయన కాలు అతుక్కుంది గానీ బండి ఎక్కడం మాత్రం మానేశాడు. కీసర దారిలో, మలుపులో ఇసుక మీద బండి జారినప్పుడు నడుపుతున్నది ఆయనే. వెనక కూర్చున్నది నాచారం ఫ్యాక్టరీలో ఆయనతోపాటు పనిచేసే స్నేహితుడు. అతను బతకలేదు. ఆ రోజు సంగతి ఆయన నాకు ఒక్క ముక్క చెప్పలేదు. నేనూ అడగలేదు.

మాది రెండు గదుల ఇల్లు. పొద్దున ఆయన కిటికీ దగ్గర కుర్చీలో కూర్చుంటే అన్నానికి పిలిచేదాకా అక్కడే. నేను వంటింట్లో నాలో నేనే మాట్లాడుకోవడం మొదలుపెట్టాను. ఇంట్లో ఎవరిదో ఒక గొంతు వినిపించాలిగా.

కాలికి వ్యాయామం చేయించడానికి వారానికి మూడుసార్లు ఉప్పల్ ఆసుపత్రికి రావాలన్నారు డాక్టర్లు. షేర్ ఆటోలో ఆయన కాలు ముడుచుకోలేడు. పెళ్లికి ముందే మా అన్న బండి మీద నడపడం నేర్చుకున్నదాన్ని నేను.

"నేను నడుపుతా, ఎనక కూసో," అన్నాను.

"నాకొద్దు," అన్నాడు.

వారం రోజులు బతిమాలాక ఒప్పుకున్నాడు. మొదటిరోజు స్టాండు వేసిన బండి మీద ఊరికే కూర్చున్నాడు. మర్నాడు ఇంజిన్ స్టార్ట్ చేస్తే దిగిపోయాడు. మూడోరోజు గల్లీ చివరిదాకా వెళ్లొచ్చాం. నన్ను పట్టుకోమంటే పట్టుకోడు, వెనక కడ్డీ పట్టుకునేవాడు. ఏం చేయబోతున్నానో ముందే చెబితే కాస్త నయంగా ఉంటుందని నాకు అర్థమైంది. "బ్రేక్ ఏస్తున్న." "గుంత ఉంది, పక్కకు తిప్పుతున్న." దారంతా నేనే చెబుతుండేదాన్ని.

ఒకరోజు హబ్సిగూడ సిగ్నల్ దగ్గర ఆగితే, పక్కనే బస్సు గట్టిగా బ్రేక్ వేసింది. వెనక బరువు తేలికైనట్టు అనిపించి తిరిగి చూస్తే ఆయన లేడు. గ్రీన్ లైటు పడింది, వెనక బండ్లు హారన్లు కొడుతున్నాయి. ఆపే వీలు లేక ముందుకు పోయి, చాలా దూరం వెళ్లి తిరిగొచ్చాను. మెట్రో పిల్లర్ దిమ్మె మీద కూర్చుని ఉన్నాడు.

పక్కన కూర్చున్నాను. రోడ్డు వైపు చూస్తూ ఆయనే మొదలుపెట్టాడు.

"ఆ దినం వాడు 'జర మెల్లగ పో అన్నా' అన్నడు. నేను నవ్విన. ఇంకింత స్పీడ్ పెంచిన. గిప్పుడు ఎనక కూసుంటే వాని భయం నాకు తెలుస్తుంది."

"గిన్ని రోజులు నాకెందుకు చెప్పలే?"

"చెప్తే నువ్వు సుత నా బండి ఎక్కవనుకున్న."

కొంగుతో ఆయన ముఖం తుడిచాను. చివరికి ఆయనే లేచాడు.

"మెల్లగ పోతవా?"

"నువ్వు ఎంత అంటే గంతనే."

ఆ రోజు ఉప్పల్ దాకా సైకిళ్లు కూడా మమ్మల్ని దాటిపోయాయి. మొదటిసారి ఆయన చెయ్యి నా భుజం మీద పడింది.

తర్వాత కొన్నాళ్లకు జవహర్‌నగర్ తీసుకుపొమ్మన్నాడు. ఆ స్నేహితుడి భార్య అక్కడ ఉంటుంది. సందు మొదట్లో దిగి, "నువ్వు ఈడనే ఉండు," అని కుంటుకుంటూ వెళ్లాడు. డంపింగ్ యార్డుకు చెత్త లారీలు పోతుంటే ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని బండి దగ్గర నిలబడ్డాను. ఆమె తిట్టిందో, ఏడ్చిందో, మంచినీళ్లు ఇచ్చిందో నాకు ఇప్పటికీ తెలియదు. వచ్చి వెనక కూర్చుని, "పోదాం," అన్నాడు.

ఇప్పుడు మళ్లీ పనికి పోతున్నాడు. నెలకోసారి బస్సెక్కి ఒక్కడే జవహర్‌నగర్ వెళ్లొస్తాడు. నన్ను రమ్మనడు. బండి నడపడు గానీ, నేను నడిపితే భయపడడు. నేను కష్టపడి పోగొట్టగలిగింది ఆ ఒక్క భయాన్నే. హబ్సిగూడలో చెప్పినన్ని మాటలు మళ్లీ ఎన్నడూ చెప్పలేదు.

రోజూ పొద్దున ఫ్యాక్టరీ గేటు దగ్గర దింపుతాను. గుంపులో కలిసి లోపలికి వెళ్లిపోతాడు. ఆయన చొక్కా కనబడకుండా పోయేదాకా చూసి, బండి తిప్పుకుంటాను.